అక్వేరియంలో మన జెల్లలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. మాటల మధ్యలో మేడమ్ ఒక సంగతి చెప్పారు. స్టడీ హాల్లో మళ్ళీ అక్వేరియం పెడుతున్నారట. ఈసారి షాపు చేపలు వద్దని, ఊళ్ళ నుంచి జెల్లలు తెస్తామని పిల్లలు అంటున్నారట. ఆ మాట విన్నాక ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు. ఎందుకంటే పోయినసారి ఆ అక్వేరియం మూలపడడానికి కారణం నేనే.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మన హాస్టల్‌లో చదివి ఉద్యోగం వచ్చిన ఒక అక్క ఆ తొట్టిని కానుకగా ఇచ్చింది. అందులో 12 గప్పీలు, 2 గోల్డ్ ఫిష్‌లు, అద్దానికి అంటుకుని ఉండే సక్కర్ చేప ఒకటి ఉండేవి. దసరా సెలవులకు పామర్రు దగ్గర మా ఊరు వెళ్ళి, తిరిగి వస్తూ మా అమ్మమ్మ పట్టిన రెండు జెల్లల్ని, ఒక ఇంగిలాయిని హార్లిక్స్ సీసాలో పెట్టుకుని బస్సెక్కాను. సాయంత్రం అందరూ చుట్టూ మూగి చూస్తుండగా వాటిని తొట్టిలో వదిలాను. మర్నాడు తెల్లవారి స్టడీ అవర్‌కు వచ్చేసరికి గప్పీలు మూడే మిగిలాయి. మూడో రోజు ఇంగిలాయి తొట్టిలోంచి దూకి ట్రంకు పెట్టెల కింద దొరికింది. చచ్చిందనుకుని చేత్తో తీయబోయిన నా స్నేహితురాలికి ముల్లు గుచ్చుకుంది. పాపం, రాత్రంతా ఏడుస్తూనే ఉంది. వారం తిరిగేసరికి నీళ్ళు తెల్లగా మారి గోల్డ్ ఫిష్‌లు కూడా పోయాయి. తొట్టి అటకెక్కింది. "కాలువ చేపలు కూరకే గాని అక్వేరియానికి పనికిరావు" అని అందరూ తేల్చేశారు. నేనూ నమ్మాను.

అది తప్పని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. డిగ్రీ చివరి సంవత్సరంలో 1,200 రూపాయలకు ఒక పాత తొట్టి కొని ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. జువాలజీ. ఆ తొట్టిలో ఈ రోజుకీ జెల్లలు తిరుగుతున్నాయి. ఆనాడు పొరపాటు చేపలది కాదు. ఏ చేప ఏమిటో, ఎవరితో ఎవరిని పెట్టాలో తెలియకపోవడం నాది.

ముందు పేర్లు చూద్దాం. మీసాలున్న ప్రతి నల్ల చేపనూ మనం ఒకే గాటన కట్టేస్తాం. మా అమ్మమ్మ అలా కట్టదు. ఆమెకు సంతకం రాదు. కాని మోకాలి లోతు బురదనీటిలో ఊత వేసి, పైనుంచి చెయ్యి పెట్టి, కంటితో చూడకుండానే తగిలింది జెల్లో, మార్పో, ఇంగిలాయో చెప్పేస్తుంది. నేను రికార్డులో బొమ్మలు వేసి నేర్చుకున్న తేడాలన్నీ ఆమె వేళ్ళకు ముందే తెలుసు.

జెల్ల పొట్టిగా, కాస్త పక్కలకు నొక్కినట్లు ఉంటుంది. నాలుగు జతల మీసాలు, వీపు మీద గట్టి ముల్లు, రెండు పక్కలా ఇంకో రెండు ముళ్ళు, వీపు వెనుక భాగంలో ముల్లు లేని చిన్న కొవ్వు రెక్క ఉంటాయి. మన కాలువల్లో ఎక్కువగా దొరికేది ఒంటి పొడుగునా చారలుండే చిన్న జెల్ల. దీన్ని శాస్త్రంలో మిస్టస్ విట్టేటస్ అంటారు. పుస్తకాల ప్రకారం 20 సెంటీమీటర్ల దాకా పెరగవచ్చు. అమ్మమ్మ ఊతలో పడేవి మాత్రం మన అరచేయంత. మన తొట్టికి కావలసింది ఈ చేపే.

ఇంగిలాయి పామును గుర్తుచేసేలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. వీపు మీద రెక్క చాలా చిన్నది, పొట్ట కింద రెక్క మాత్రం తోక దాకా సాగుతుంది. మార్పుకు వీపు మీది రెక్క కూడా తల వెనుక నుంచి తోక దాకా ఉంటుంది. ఇక వాలుగ సంగతి వేరు. దాని నోరు చూస్తేనే అర్థమవుతుంది. మీటరు పైన కూడా పెరిగే వేటచేప. పిల్ల దొరికింది కదా అని దాన్ని ఏ అక్వేరియంలోనూ పెట్టకండి. (మీ ఊళ్ళో ఈ చేపలకు వేరే పేర్లు ఉండవచ్చు. పేరు కన్నా రెక్కలు చూసి గుర్తుపట్టడం మంచిది. పరీక్షలో మాత్రం రెక్క అని రాయకండి, వాజం అని రాయాలి!)

వాలుగ అన్నాను కనుక ఒక విషయం చెప్పాలి. మా తరగతిలో దాని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు అని చదివినప్పుడు ఏదో లాటిన్ మాట అనుకుని బట్టీ పట్టాను. తర్వాత తెలిసింది, అది మన వాలుగే! ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు విశాఖపట్నంలో 200 చేపలను సేకరించి, బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేయించాడు. చేపలు పట్టేవాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా వెళ్ళిన "వాలుగ" నుంచే 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఆ ప్రజాతికి వల్లాగో అని పేరు పెట్టాడు. ఈ సంగతి చెబితే అమ్మమ్మ ఆశ్చర్యపోలేదు. "మరి వాలుగను వాలుగ అనక ఇంకేమంటారే" అంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే తొట్టిలో రకరకాల చేపలను కలిపి పెంచడం ఒక హాస్టల్ గదిలో మనల్ని సర్దడం లాంటిదే. ఎవరి పక్కన ఎవరి ట్రంకు పెట్టె పెట్టాలో మేడమ్ ఎంత ఆలోచిస్తారో మీకు తెలుసు. మీసాల చేపల విషయంలో మొదటి నియమం, నోట్లో పట్టేదల్లా వాటికి మేతే. జెల్ల మనసు చెడ్డది కాదు. చీకట్లో మీసానికి మెత్తగా ఏదో తగిలింది, నోట్లో పట్టింది, మింగింది. గప్పీలు, నియాన్ టెట్రాలు, చిన్న రొయ్యపిల్లలు జెల్లకు రాత్రి భోజనం అవుతాయి. అందువల్ల జెల్ల పక్కన ఉండే చేప కనీసం దాని సగం పొడుగైనా ఉండి, చురుకుగా ఈదేదై ఉండాలి. మన పంటకాలువల పరిగెలు దీనికి చక్కగా సరిపోతాయి. పైనా మధ్యలో పరిగెలు, అడుగున జెల్లలు. షాపులో కొనాలంటే మన దేశపు చేపే అయిన రోజీ బార్బ్ మంచిది. గోల్డ్ ఫిష్, ఏంజెల్ లాంటి నెమ్మదైన పొడుగు రెక్కల చేపలను జెల్లలతో కలపకండి. రాత్రుళ్ళు రెక్కలు కొరికించుకుంటాయి.

రెండో నియమం చాలామందికి తెలియదు. జెల్లను ఒంటరిగానో, జంటగానో పెట్టకూడదు. రెండింటిని పెడితే పెద్దది చిన్నదాన్ని మూలకు తరిమి, మేత దగ్గరకు రానివ్వకుండా, తోక కొరికి చంపుతుంది. నేను ఇంట్లో మొదట చేసిన తప్పు ఇదే. అయిదారు ఉంటే ఆ కోపం పదిమందికీ పంచుకుపోయి ఎవరికీ ప్రాణం మీదికి రాదు. కాకపోతే ఆరు జెల్లలకు పది పరిగెలకు 2 అడుగుల తొట్టి చాలదు. కనీసం 3 అడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు కావాలి. అంటే సుమారు 100 లీటర్ల నీరు. మన పాత తొట్టి ఎంతుందో టేపు పెట్టి కొలిచి చూడండి. చిన్నదైతే పరిగెలతోనే సరిపెట్టుకోండి. అందులో చిన్నతనం లేదు.

ఇంగిలాయి, మార్పు మాత్రం అందరితో కలిపే చేపలు కావు. ఇవి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చే ఏర్పాటు ఉన్న చేపలు. మార్పుకు మొప్పల పైన చెట్టు కొమ్మల్లాంటి అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల గది నుంచి ఒంటి వెనుకదాకా రెండు గాలి సంచులు ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో మిగతా చేపలు తేలిపోయినా ఇవి బురదలో బతికి ఉండడానికి, ట్రంకు పెట్టె కింద మన ఇంగిలాయి బతికి ఉండడానికి కారణం అదే. వీటిని పెంచాలంటే విడిగా పెంచాలి. నీటికీ మూతకూ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి, ఎందుకంటే పైకి వచ్చి గాలి మింగకపోతే ఇవి నీటిలోనే ఊపిరాడక చస్తాయి. మూత మీద ఇటుక పెట్టాలి. నేను నవ్వులాటకు చెప్పడం లేదు.

మార్పు విషయంలో ఇంకో జాగ్రత్త. మన నాటు మార్పు ఇప్పుడు అరుదైపోయి, అంతరించే ప్రమాదం ఉన్న చేపల జాబితాలో చేరింది. మార్కెట్లో మార్పు పేరుతో అమ్మేది చాలాచోట్ల ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. కిలోల లెక్కన పెరుగుతూ దొరికిన చేపనల్లా తినేస్తుందని కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలోనే దాని పెంపకాన్ని నిషేధించింది. పిల్లగా ఉన్నప్పుడు రెండింటినీ విడదీయడం మనబోటి వాళ్ళకు కష్టం. కాబట్టి మార్పు జోలికి పోవద్దనే నా సలహా.

ఇప్పుడు ఆ సక్కర్ చేప గురించి. షాపులో "అద్దం శుభ్రం చేస్తుంది" అని చెప్పి వేలెడంత పిల్లను అమ్ముతారు. అదీ మీసాల చేపల జాతిదే, కాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఒళ్ళంతా కవచం లాంటి పలకలు. కొద్దికాలంలోనే మూరెడు పొడుగు పెరిగి, అద్దం సంగతి మరచిపోయి తొట్టినిండా పెంట పెడుతుంది. అప్పుడు ఏం చేస్తారు? చంపడానికి మనసొప్పక కాలువలో వదిలేస్తారు. మన హాస్టల్ సక్కర్‌ను అలాగే బందరు కాలువలో వదిలారు, నేను కూడా వెంట వెళ్ళి దండం పెట్టి వచ్చాను. అది పుణ్యం కాదని ఇప్పుడు తెలుసు. ఇలా ఎవరికి వారు వదిలినవి, చెరువుల నుంచి తప్పించుకున్నవి కలిసి మన కాలువల్లో, చేపల చెరువుల్లో పిల్లల్ని పెట్టాయి. గట్లలో బొరియలు తవ్వుతాయి, వలలు చింపుతాయి, మన చేపల మేత తింటాయి, వాటిని కొనేవాడు లేడు. రైతులు వీటిని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీటిలో కలిసి ఉండే డి.ఎన్.ఎ.ను పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతంలో ఇది చాలా నీటి వనరులకు పాకిందని తేల్చారు. జెల్లకు ఈ చిక్కు లేదు. అది ఇక్కడిదే. అయినా ఒకసారి తొట్టిలో షాపు చేపలతో కలిసి ఉన్న జెల్లను తిరిగి కాలువలో వదలకండి, వాటి రోగాలు దీనితో పాటు వెళతాయి.

తొట్టి అమర్చడం కష్టమైన పని కాదు. అడుగున రంగురాళ్ళు వద్దు. జెల్ల మీసాలతో నేలను తడుముతూ తిరుగుతుంది, గరుకు రాళ్ళకు ఆ మీసాలు అరిగి పుండ్లు పడతాయి. కృష్ణ ఇసుకను జల్లించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పదిసార్లు కడిగి రెండు అంగుళాల మందం వేయండి. దాక్కోవడానికి పగిలిన కుండ పెంకులు, మట్టి గొట్టాలు, గూనపెంకులు బోర్లించండి. జెల్లలు ఎన్ని ఉంటే దాపులు అంతకంటే ఒకటి ఎక్కువ ఉండాలి. హాల్లో ట్యూబులైటు పది గంటలదాకా వెలుగుతుంది కనుక తొట్టికి వేరే లైటు అక్కరలేదు. హీటరు మన విజయవాడలో దండగ. అద్దం మీద వేళ్ళతో కొట్టవద్దని ఒక కాగితం అంటించండి. ఈ చేపలకు గాలితిత్తికీ చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, మనం టక్కున కొడితే వాటికి పిడుగు పడ్డట్టే.

అసలు కిటుకు నీటిలో ఉంది. ఆనాడు గోల్డ్ ఫిష్‌లు చచ్చింది జెల్లలు కొరికి కాదు, నీళ్ళు పాడై. చేపలు విడిచే మలినం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొద్దిపాటి ఉన్నా ప్రమాదం లేదు. ఈ రెండు రకాల బాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడడానికి 3 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో మొదటి రోజే చేపలన్నీ వదిలితే అవి తమ మలినంలో తామే చస్తాయి. తోడు వేయకుండా పాలు పెరుగు కావు కదా, ఇదీ అంతే. కాబట్టి ముందు ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. తర్వాత రెండు మూడు పరిగెలు. అవి రెండు వారాలు హాయిగా ఉంటే మిగిలినవి. జెల్లలు చివర. కార్పొరేషన్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, బకెట్లలో ఒక రోజంతా నిలవపెట్టి పోయాలి. వారానికొకసారి పావు వంతు నీళ్ళు మార్చాలి. మొత్తం మార్చకూడదు. స్పాంజిని కుళాయి కింద ఉతికితే బాక్టీరియా అంతా పోతుంది, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

కాలువ నుంచి తెచ్చిన చేపను నేరుగా తొట్టిలో వేయకూడదు. ప్లాస్టిక్ టబ్బులో రెండు వారాలు విడిగా ఉంచి చూడాలి. చెరువుల మీద పనిచేసే మన నాన్నలకు తెలుసు, చేపకు పేను పడుతుందని. అది కంటికి కనబడుతుంది, ట్వీజర్‌తో తీసేయవచ్చు. మందు వాడవలసి వస్తే డబ్బా మీద రాసినదానిలో సగంతో మొదలుపెట్టండి. జెల్లకు పొలుసులు లేవు, మందు తొందరగా ఒంటికి ఎక్కుతుంది.

మేత రాత్రి లైట్లు ఆర్పే ముందు వేయాలి. మునిగే రకం గుళికలు, వానపాము ముక్కలు, ఉప్పు లేని పచ్చి రొయ్య తురుము. ఒంటి నిండా రుచి తెలిసే మొటిమలు ఉన్న చేప ఇది, చీకట్లో కూడా అయిదు నిమిషాల్లో వెతుక్కుని తింటుంది. మిగిలితే ఎక్కువ వేశారన్నమాట. నా తొట్టిలో వారానికి ఒక రోజు ఉపవాసం.

ఎంత తక్కువ మేత మంచిదో నాకు 2024లో తెలిసింది. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేం అక్కడే అద్దెకుంటున్నాం. నాన్న తొట్టిని సిమెంటు గట్టు మీద ఎత్తుగా పెట్టడం వల్ల వరద దానిలోకి రాలేదు. కాని కట్టుబట్టలతో పడవెక్కి వెళ్ళిపోయాం. కరెంటు లేదు, గాలి మోటారు లేదు. ఆరో రోజు తిరిగి వస్తే గుమ్మంలోనే అమ్మ బియ్యం డబ్బా దగ్గరకు పరుగెత్తింది, నేను తొట్టి దగ్గరకు పరుగెత్తాను. (దానికి ఇప్పటికీ తిడుతుంది. నా సర్టిఫికెట్ల సంచీ కూడా తర్వాతే గుర్తొచ్చింది.) 8 పరిగెల్లో 5 చచ్చి తేలాయి. 5 జెల్లల్లో ఒకటి పోయింది. అటక మీద విడి తొట్టిలో ఉన్న ఇంగిలాయి నేను చూస్తుండగానే పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోయింది. తొట్టి నిండా చేపలు కుక్కి ఉన్నా, వెళుతూ వెళుతూ జాలిపడి గుప్పెడు మేత వేసి ఉన్నా ఒక్కటీ మిగిలేది కాదు. అదే రోజు మా వీధి చివర బురదలో జానెడు సక్కర్ చేప కూడా కనిపించింది, బతికే ఉంది.

మామూలు కరెంటు కోతకు భయపడనక్కరలేదు. జెల్ల ఇంగిలాయిలా గాలి పీల్చలేదు కనుక మోటారు ఆగి గంట దాటితే మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ ఉండండి. మే నెలలో ఇది తప్పదు. వంతులు వేసుకోండి.

ముళ్ళ గురించి చెప్పి ముగిస్తాను. జెల్లను వలతో పట్టకండి, ముళ్ళు వలలో చిక్కుకుని వల కోయవలసి వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టండి. నీటిలోంచి తీస్తే పక్క ముల్లును కీలులో రాపాడించి కిర్రుమంటుంది, దడుచుకుని వదిలేయకండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మంట. ఇంగిలాయి ముల్లులో విషం ఎక్కువ, నొప్పి గంటల తరబడి ఉంటుంది. పసుపు, సున్నం పూస్తూ కూర్చోవద్దు. ముల్లు విరిగి ఉంటే తీసి, కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. వేడికి ఆ విషం విరుగుతుంది. వేడి ఎంతుందో గుచ్చుకోని చేత్తో ముందు చూసుకోవాలి, బొబ్బలెక్కకూడదు. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి టి.టి. ఇంజెక్షన్ చేయించుకోవాలి. వాపు పెరిగినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. ఆ రాత్రి నా స్నేహితురాలికి ఒక బకెట్ వేడినీళ్ళు ఇవ్వాలని మాలో ఒక్కరికీ తెలియలేదు.

వేసవిలో కాలువలు కట్టేశాక అమ్మమ్మతో వెళ్ళి ఆరు జెల్లలు పట్టి, టబ్బులో రెండు వారాలు ఉంచి నేనే తెచ్చి ఇస్తాను. ఈలోగా తొట్టి కొలత తీసి మేడమ్ చేత నాకు కబురు పంపండి. వచ్చే ఆదివారం నా ఫిల్టర్ స్పాంజి నుంచి ఒక ముక్క కోసి తడి ఆరకుండా తెస్తాను, దాన్ని మీ ఫిల్టర్‌లో పెడితే నీరు త్వరగా కుదురుతుంది. అప్పటిదాకా మాత్రం తొట్టిలో అన్నం మెతుకులు వేయకండి.